ఇంటి ఫొటోలకు ప్రైమ్ లెన్స్: తక్కువ బడ్జెట్‌లో ఏది కొనాలి?

కాణిపాకం: అఖీఖా, బిస్మిల్లా, మంగ్నీ, ఈద్... ఇంట్లో జరిగే ఇలాంటి వేడుకలకు బయటి ఫొటోగ్రాఫర్‌ను పిలవడం చాలా కుటుంబాలకు ఇష్టం ఉండదు. ఆడవాళ్లు కూర్చున్న గదిలోకి పరాయి మనిషి రాకూడదని ఇంటి అమ్మాయో, కోడలో కెమెరా పట్టుకుంటుంది. కానీ ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటోలు సగం అలికినట్టు వస్తాయి. అప్పుడు "కెమెరా మంచిది కాదు, కొత్తది కొందాం" అంటారు. చాలాసార్లు మార్చాల్సింది కెమెరాను కాదు, లెన్స్‌ను.

ప్రైమ్ లెన్స్ అంటే ఏమిటి?

జూమ్ లేని లెన్సే ప్రైమ్. దగ్గరగా కావాలంటే మనమే ముందుకు నడవాలి, ఎక్కువ మంది పట్టాలంటే వెనక్కి జరగాలి. ఈ ఇబ్బందికి బదులుగా వెలుతురు దొరుకుతుంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్‌ను 55 దగ్గర పెడితే దాని ద్వారం ఎఫ్5.6 కన్నా పెద్దగా తెరుచుకోదు. ఎఫ్1.8 ప్రైమ్ దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు తీసుకుంటుంది. అంటే అదే గదిలో, అదే ఐఎస్ఓలో సెకనులో 15వ వంతు షట్టర్ పడేచోట 125వ వంతు పెట్టుకోవచ్చు. పిల్లాడు కదిలినా ముఖం చెరిగిపోదు.

కిట్ లెన్స్‌లో వణుకు తగ్గించే ఏర్పాటు ఉన్నా, అది మన చేతి వణుకునే ఆపుతుంది, పిల్లల పరుగును ఆపలేదు.

35నా, 50నా?

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. "50 ఎంఎం కొను, చవక" అని అందరూ చెబుతారు. అయితే మన ఇళ్లలో ఉండే మామూలు కెమెరాల సెన్సర్ చిన్నది (ఏపీఎస్-సీ). దాని మీద 50 ఎంఎం లెన్స్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 75-80 ఎంఎం చూపినంత దగ్గరగా చూపిస్తుంది. పది అడుగుల వెడల్పున నిలబడ్డ కుటుంబం మొత్తం ఫ్రేములో పట్టాలంటే:

- 50 ఎంఎం: సుమారు 22 అడుగుల దూరం కావాలి
- 35 ఎంఎం: సుమారు 15 అడుగులు
- 24 ఎంఎం: సుమారు 11 అడుగులు

పది, పన్నెండు అడుగుల హాల్లో 22 అడుగులు వెనక్కి ఎక్కడికి పోతాం? గోడకు ఆనుకున్నా సగం మందే పడతారు. అందుకే 50 ఎంఎం ఒక్కరిద్దరి ఫొటోలకు, నానీ ముఖానికి, ముంగిట్లో ఆడే పిల్లలకు బాగుంటుంది. ఇంట్లో అందరినీ తీయాలంటే 35 మేలు, హాలు మరీ చిన్నదైతే 24.

రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. మీ 18-55 లెన్స్‌ను 35 దగ్గర పెట్టి, రింగు తిరక్కుండా టేపు అంటించి ఒక రోజంతా తీయండి. మర్నాడు 50 దగ్గర పెట్టి తీయండి. ఏది ఇరుకనిపించలేదో అదే మీ లెన్స్.

మీ కెమెరాకు ఏది సరిపోతుంది?

క్యానన్ డీఎస్ఎల్ఆర్: ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎం అన్నిటికన్నా అందుబాటులో ఉండేది. బరువు 160 గ్రాములే. చిన్న గదులకు ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్2.8 ఎస్‌టీఎం ఉంది. వెలుతురు లాభం ఎఫ్1.8 అంత ఉండదు.

నికాన్ డీఎస్ఎల్ఆర్: ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్1.8జీ ఇంటికి సరిగ్గా సరిపోతుంది. ఒక జాగ్రత్త: పాత 50 ఎంఎం ఎఫ్1.8డీ చవగ్గా దొరుకుతుంది గానీ దానిలో ఫోకస్ మోటార్ లేదు. డీ3500, డీ5600 లాంటి కెమెరాల మీద ఆటోఫోకస్ పని చేయదు. పేరులో "ఏఎఫ్-ఎస్" ఉందో లేదో చూసి కొనాలి.

మిర్రర్‌లెస్: క్యానన్ ఆర్ కెమెరాలకు ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎం, సోనీ చిన్న సెన్సర్ కెమెరాలకు ఈ 35 ఎంఎం ఎఫ్1.8 ఓఎస్ఎస్ ఉన్నాయి. పాత డీఎస్ఎల్ఆర్ లెన్స్ తగిలించాలంటే అడాప్టర్ వేరుగా కొనాలి, ఆ ఖర్చూ లెక్కలో వేసుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే

చిత్తూరులోనో తిరుపతిలోనో దొరకకపోతే మనకు హైదరాబాద్ కన్నా చెన్నై, బెంగళూరు దగ్గర. ఎక్కడ కొన్నా మీ కెమెరా వెంట తీసుకెళ్లండి. లెన్స్ వెనక నుంచి టార్చి వేసి చూస్తే లోపల సాలెగూడులా కనిపించేది ఫంగస్. అలాంటిది ఎంత చవకైనా వద్దు. ఆటోఫోకస్ దగ్గరికీ దూరానికీ ఆగకుండా తిరుగుతోందా, ద్వారం రేకుల మీద నూనె ఉందా చూడండి. అద్దం మీద సన్నని గీత ఒకటి ఉంటే ఫొటోకు పెద్ద తేడా రాదు, ధర మాత్రం తగ్గించి అడగొచ్చు.

వాయిదాల మాట

వడ్డీ వద్దనుకునే కుటుంబాలు "నో కాస్ట్ ఈఎంఐ"ని వడ్డీ లేనిదే అనుకుంటాయి. వస్తువుల మీద సున్నా వడ్డీ పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు లాంటి రూపాల్లో దాస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2013 సెప్టెంబర్‌లో బ్యాంకులకు చెప్పింది. క్రెడిట్ కార్డు వాయిదాల్లో వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. బిల్లులో వడ్డీ అనే గడి ఉందేమో చూడండి. రంజాన్ ఈద్‌కూ బక్రీదుకూ మధ్య సుమారు 70 రోజులుంటాయి. ఆ రోజుల్లో కొంచెం కొంచెం పక్కన పెట్టి నగదుకు కొనడమే నిశ్చింత.

కొన్నాక ఎలా వాడాలి?

ఎఫ్1.8 దగ్గర, 50 ఎంఎంతో ఐదడుగుల దూరంలో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు రెండున్నర అంగుళాలే. ఒక కన్ను స్పష్టంగా వచ్చి రెండోది మసకబారొచ్చు. ఒక్కరికైతే ఎఫ్2, ఎఫ్2.8, రెండు వరుసల గుంపుకు ఎఫ్4 పెట్టండి. ఫోకస్ కంటి మీద ఉండాలి. పిల్లలకు షట్టర్ 125వ వంతు కన్నా తగ్గనివ్వద్దు. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ పెంచండి. కాస్త గరుకుగా వచ్చిన ఫొటోను ఆల్బంలో పెట్టుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోను బాగుచేయలేం. కుదిరితే కిటికీ పక్కన, వెలుతురు ముఖం మీద పడేట్టు కూర్చోబెట్టండి.

చివరిగా, ఆడవాళ్ల ఫొటోలను కుటుంబ గ్రూపులో పెట్టే ముందు కూడా వాళ్లను అడగండి. ఇంటి మనిషి చేతిలో కెమెరా పెట్టిందే ఆ నమ్మకం కోసం.