వీసా కాగితం ఎవరి చేతిలో ఉంది? గిర్మిట్ నుంచి గల్ఫ్ దాకా మన వలసల కథ



కోతలు అయిపోయి వడ్ల పైసలు పడ్డంక ఊళ్లల్ల ఒక మాట ఎక్కువ వినబడుతది: "వీసా వచ్చిందా?" బోరు ఎండినోడు, అప్పు పెరిగినోడు, ఎకరం మీద ముగ్గురు అన్నదమ్ములు బతకలేక ఒకడు బయటికి పోదామనుకున్నోడు... అందరి నోటా అదే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు దుబాయ్, సౌదీ అంటరు. కడప, గోదావరి జిల్లాల దిక్కు కువైట్ అంటరు. ఈ కాగితం వెనుక దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే ఏజెంటు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలుస్తది. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక తేడా చెప్తా. పాస్‌పోర్టు మన పట్టాదారు పాస్‌బుక్కు లాంటిది. మన సర్కారు మన పేరు మీద ఇస్తది. వీసా కౌలు కాగితం లాంటిది. భూమి వేరేవాళ్లది, దున్నుకోవడానికి వాళ్లు అనుమతి ఇస్తరు. కౌలు కాగితంలో ఎన్నేళ్లు, ఎంత, ఎవరి సంతకం అని చూడకుండా నాగలి కట్టం కదా. కానీ వీసా విషయంలో చాలామంది చూడకుండానే విమానం ఎక్కుతున్నరు.

ఇక మొదటి నుంచి వద్దాం. 1830లలో బ్రిటిష్ వాళ్ల రాజ్యాల్లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావాలి. అప్పుడు మన దేశం నుంచి ఒప్పందం మీద మనుషులను తీసుకుపోవుడు మొదలైంది. మన తెలుగువాళ్లు కోరంగి రేవు నుంచి, తర్వాత మద్రాసు, విశాఖ దిక్కు నుంచి మారిషస్ పోయారు. రేవు పేరుతోనే అక్కడ వాళ్లను కోరంగీలు అన్నారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి కూడా పోయారు. "అగ్రిమెంట్" అనే మాట నోరు తిరగక "గిర్మిట్" అయింది. పోయినోళ్లు గిర్మిటియాలు అయ్యారు.

ఆ గిర్మిట్‌లో ఏముండేది? ఫిజీ కాగితమే తీసుకోండి. ఐదేళ్ల పని. మగవాళ్లకు రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. ఐదేళ్ల తర్వాత సొంత ఖర్చుతో తిరిగి రావొచ్చు, ఉచితంగా రావాలంటే పదేళ్లు ఉండాలి. చదవడానికి బాగానే ఉంది. కానీ కాగితం పుట్టింది తోట యజమాని కోసం. పని ఎగ్గొడితే అది కూలీ తగాదా కాదు, నేరం. జరిమానా, లేదంటే జైలు. యజమాని నచ్చలేదని పక్క తోటకు పోవడానికి లేదు. దేశమంతా వ్యతిరేకించినంక 1917లో ఈ కూలీల ఎగుమతి ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన గిర్మిట్లు రద్దయ్యాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో ఓడ ఎక్కేముందు ఒక ఆఫీసరు ముందు నిలబెట్టేవాళ్లు. 1837 చట్టంలోనే ఈ పద్ధతి పెట్టారు: ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, ఆఫీసరు చూడాలి, అప్పుడే అనుమతి. తర్వాత ఆ కుర్చీకి 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అని పేరు వచ్చింది. ఆయన ఇచ్చే పాసులో పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు రాసేవాళ్లు. అదే పేరుతో ఆ ఆఫీసు ఈరోజుకీ ఉంది. హైదరాబాద్‌లో కూడా ఉంది.

బర్మా కథ వేరు. అప్పుడు బర్మా, ఇండియా ఒకే పాలన కింద ఉండేవి కాబట్టి వీసా అవసరం లేదు. విశాఖ, కాకినాడ నుంచి డెక్కు టికెట్టు కొనుక్కొని రంగూన్ పోయేవాళ్లు. మరి పట్టుకున్నది ఎవరు? మేస్త్రీ. ఊళ్లోనే అడ్వాన్సు ఇచ్చి కూలీలను తీసుకుపోయేవాడు. కూలి డబ్బులు ఆయన చేతుల మీదుగానే, అప్పు కోసుకున్నంకనే వచ్చేవి. కాగితం లేకున్నా అప్పే సంకెల. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీలకు, బర్మా కూలీలకు మధ్య పని దగ్గర మొదలైన గొడవలో వందమందికి పైగా చనిపోయారు. 1937లో బర్మా వేరు దేశం అయింది. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు అడవుల గుండా నడిచి వచ్చారు, దారిలో ఎంతోమంది పోయారు.

ఇక పాస్‌పోర్టు సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం ముందు చాలా దేశాలకు పాస్‌పోర్టు అడిగేవాళ్లు కాదు. యుద్ధం వచ్చినంక అన్ని దేశాలూ తలుపులు బిగించాయి. మనకు స్వాతంత్య్రం వచ్చినంక కూడా పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం సర్కారు ఇష్టం అన్నట్టు ఉండేది. 1967 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో చెప్పింది: విదేశాలకు పోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద మనిషి స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా ఆపడానికి లేదు. ఆ వెంటనే అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. అంటే పాస్‌పోర్టు మనం అడిగి తీసుకునే హక్కు అయింది. వీసా మాత్రం హక్కు కాలేదు. అది అవతలి దేశం ఇష్టమే.

1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. గల్ఫ్ దేశాల్లో రోడ్లు, భవనాలు, రేవులు లేచాయి. మన కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి జనం కదిలారు. అక్కడి పద్ధతి పేరు కఫాలా. అక్కడి సర్కారు వీసా కూలీకి నేరుగా ఇవ్వదు, కఫీల్ పేరు మీద ఇస్తది. కఫీల్ అంటే జామీనుదారు, అంటే పని ఇచ్చేటాయన. ఆయన సంతకం లేకుండా వేరే కంపెనీకి మారడానికి లేదు, సౌదీ లాంటి చోట ఇంటికి రావడానికి కూడా ఆయన అనుమతే కావాలి. వదిలి పోతే "పారిపోయాడు" అని రాయిస్తడు, దాన్నే హురూబ్ అంటరు. గిర్మిట్ కాలంలో తోట వదిలితే జైలు అన్నారు కదా, పోల్చి చూడండి. ఇప్పుడు కొంత మారింది. ఖతర్ 2020లో, సౌదీ 2021లో ఈ రూల్సు సడలించాయి. కానీ ఇంటి పని, తోట పని, గొర్రెల కాపరి పని చేసేవాళ్లకు సౌదీ సడలింపు వర్తించలేదు. మన దగ్గరి నుంచి పోయేవాళ్లలో ఆ పనులకు పోయేవాళ్లే చాలామంది.

ఇదే పద్ధతి లోపల నుంచి వీసా అమ్మకం పుట్టింది. కఫీల్‌కు దక్కిన వీసాను ఆయన ఒకరికి అమ్ముతడు, వాడు బొంబాయి ఏజెంటుకు, వాడు మన మండలంలోని సబ్ ఏజెంటుకు. ప్రతి చేతిలో రేటు పెరుగుతది, మన వడ్లకు, టమాటకు దళారులు చేసినట్టే. "ఆజాద్ వీసా" అని ఒకటి అమ్ముతరు. అట్లాంటి వీసా ఏ దేశం చట్టంలోనూ లేదు. కాగితం మీద ఒక కఫీల్, పని ఇంకొకరి దగ్గర. పట్టుబడితే నేరం మనదే. అట్లా కాగితం లేకుండా మిగిలినోళ్లనే మనవాళ్లు ఖల్లివెల్లి అంటరు. కువైట్‌లో 18 నంబరు వీసా కంపెనీ పనికి, 20 నంబరు ఇంటి పనికి. 20 మీద పోయి కంపెనీలో చేస్తే అదీ తప్పే.

మన చట్టం ఏమంటది? 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటే మనుషులను పంపాలి. సబ్ ఏజెంటు అనే మనిషికి చట్టంలో చోటే లేదు. ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జి 30 వేలు, దాని మీద జీఎస్‌టీ. అంతే. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కింద ఉంటది. వాళ్లు గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్‌లో ఒప్పందం ఎక్కాలి, ప్రొటెక్టర్ ఆఫీసు అనుమతి కావాలి. దానితో ప్రవాసీ భారతీయ బీమా వస్తది. రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు. విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకుందాం అంటే ఈ లెక్కల్లో మన పేరే ఉండదు. ఏదైనా జరిగితే ఇంటోళ్లకు మిగిలేది ఫోన్లు తిరగడమే.

ఒక లెక్క వేద్దాం. లక్షన్నర అప్పు తెచ్చి వీసా కొన్నడనుకోండి. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే మొదటి నెల 3 వేలు. నెలకు 12 వేలు ఇంటికి పంపి, ఆ మొత్తం అప్పుకే కట్టినా తీరడానికి 15 నెలలు పడుతది. వీసా రెండేళ్లది. అంటే సొంతానికి సంపాదన తొమ్మిది నెలలే. మధ్యలో కంపెనీ రెండు నెలలు జీతం ఆపితే అదీ లేదు. బర్మా మేస్త్రీ అడ్వాన్సు ఇట్లనే పనిచేసింది.

పోవద్దని చెప్పడం లేదు అన్నా. గల్ఫ్ పైసలతోనే మన దగ్గర ఎన్నో ఇండ్లు లేచినయ్, చెల్లెళ్ల పెళ్లిళ్లు అయినయ్, పిల్లలు చదివిండ్రు. కానీ పోయేముందు కాగితం మీద నాలుగు చూడండి: కఫీల్ లేదా కంపెనీ పేరు ఏంది, పని ఏంది, జీతం ఎంత, ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌లో ఉందా లేదా. కట్టిన ప్రతి రూపాయికి రశీదు అడగండి. అరబ్బీలో ఉంటే చదివించుకోండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్సులు ఇంట్లో భూమి కాగితాల పక్కనే పెట్టండి. పాస్‌పోర్టు మన చట్టం ప్రకారం భారత ప్రభుత్వ ఆస్తి, కఫీల్ దాచుకోవడానికి కాదు.

గిర్మిట్ మీద వేలిముద్ర వేసినోళ్లకు అందులో ఏముందో చదివే వీలు లేకపోయింది. మనకు ఉంది. మీ ఊళ్లో ఈ నెలలో పోయేటోళ్లు ఎవరన్నా ఉంటే, పైసలు కట్టకముందే ఈ పోస్టు వాళ్లకు చదివి వినిపించండి.