కనిష్క విమానము: ఇరువదియైదేండ్లకు వచ్చిన సమాధానము

ఒక ఘోరము జరిగినప్పుడు లోకము మొదట నడుగు ప్రశ్న "ఎవరు చేసిరి?" అనునది. అది సహజమే. దోషిని పట్టి దండించుట రాజధర్మములలో ముఖ్యమైనది. కాని దానికి తోడుగా మఱియొక ప్రశ్న గలదు. "ఇది జరుగుటకు సందెట్లు దొరకెను?" అనునదే యా రెండవ ప్రశ్న. మొదటి దానికి న్యాయస్థానము బదులు చెప్పవలెను. రెండవ దానికి విచారణ సంఘము బదులు చెప్పవలెను. మొదటి ప్రశ్న పరులను వేలెత్తి చూపును. రెండవది ఆ వేలును మనవైపునకే త్రిప్పును. అందుచేతనే ప్రభుత్వములు మొదటి దానిని బిగ్గరగను, రెండవ దానిని గొంతు తగ్గించియు నడుగుచుండును. రెండవ ప్రశ్న నడుగుటకు ఒక ప్రభుత్వము ఇరువదియొక్క సంవత్సరములు జాగు చేసిన వృత్తాంతమును చదువరులకు మనవి చేయుచున్నాను.

1985 వ సంవత్సరము జూను 23 వ తేదీ ఆదివారమునాడు, కనిష్క చక్రవర్తి పేరు దాల్చిన ఎయిర్ ఇండియా విమానము కెనడాలోని మాంట్రియల్ నుండి బయలుదేరి, లండను మీదుగా ఢిల్లీకిని, అచటినుండి బొంబాయికిని పోవలసియుండెను. ఐర్లండు తీరమునకు చేరువగా, 31,000 అడుగుల యెత్తున, సామానుల యఱలో దాచబడిన బాంబు ప్రేలి యది ముక్కలై సముద్రమున గూలెను. అందున్న ప్రయాణికులు 307 మంది, సిబ్బంది 22 మంది. మొత్తము 329 మందిలో ఒక్క ప్రాణియు దక్కలేదు. వారిలో 80 మందికి పైగా పసిపిల్లలు. బడులకు వేసవి సెలవులు వచ్చు దినములు గావున, బిడ్డలను తాతకును అవ్వకును చూపుటకై తీసికొని పోవుచున్న తల్లులు ఆ విమానములో ననేకులు. ఇంచుమించుగా గంటకు ముందు, జపానులోని నరిటా విమానాశ్రయమున మఱియొక పెట్టె ప్రేలి, సామానులు మోయు పనివారిద్దఱు మరణించిరి. ఆ పెట్టెయు ఎయిర్ ఇండియా విమానము నెక్కవలసినదే.

ఈ కుట్రకు వెనుకటి కథ 1984 లో నున్నది. ఆ యేట జూను మాసమున అమృతసరమందలి స్వర్ణదేవాలయములో సైనిక చర్య జరిగెను. అక్టోబరులో ఇందిరా గాంధీ హత్యయు, దాని వెంటనే సిక్కుల ఊచకోతయు జరిగెను. ఆ గాయములనుండి పుట్టిన క్రోధమును కెనడాలో స్థిరపడిన కొందఱు తీవ్రవాదులు నిరపరాధులపై వెడలగ్రక్కిరి. కొందఱు చేసిన పాపమును ఒక జాతికంతకు నంటగట్టరాదు. ఆ తీవ్రవాదులను ధైర్యముగా నెదిరించి, సాక్ష్యమిచ్చుటకు ముందుకు వచ్చినవారును సిక్కులే. వారిలో తారాసింగ్ హేయర్ అను పత్రికా సంపాదకుడు 1998 లో హత్య గావింపబడెను.

మృతులలో 268 మంది కెనడా పౌరులు. అయినను నాటి కెనడా ప్రధానమంత్రి బ్రయన్ మల్రోనీ భారత ప్రధాని రాజీవ్ గాంధీకి సంతాపము తెలిపెను. తన యింట శవము లేచినవాడు పొరుగింటికి పరామర్శకు పోయినట్లుండెను. చర్మపు రంగు వేఱైనంత మాత్రమున ఆ దుఃఖము తమది కాదనుకొనిరి. ఐర్లండులోని అహకిస్టా అను చిన్న పల్లె, ఆ తీరమున, సంవత్సరము తిరుగునప్పటికే, 1986 లో, మృతులకొక స్మారకమును నెలకొల్పెను. సొంతదేశమగు కెనడాలో టొరంటో నగరమున స్మారకము వెలయుటకు 2007 వఱకు పట్టెను.

న్యాయస్థానముల మాట యెట్లున్నది? మన దేశమున న్యాయమూర్తి కృపాల్ విచారణ జరిపి, 1986 లోనే ఇది బాంబు వలననే జరిగినదని తేల్చెను. కెనడాలో బాంబుల తయారీకి తోడ్పడిన యొకడు మాత్రమే శిక్షింపబడెను: నరిటా విషయమున 1991 లో పది సంవత్సరములు, కనిష్క విషయమున 2003 లో ఐదు సంవత్సరములు. కుట్రకు నాయకుడని చెప్పబడినవాడు 1992 లో పంజాబులో పోలీసుల చేతిలో మరణించెను. తక్కిన ఇద్దఱు నిందితులను 2005 మార్చిలో న్యాయస్థానము నిర్దోషులని విడిచిపెట్టెను. నాడు ఆ కుటుంబములవారి కడుపుమంట మిన్నుముట్టగా, ప్రభుత్వము మేలుకొనెను. 2006 లో సర్వోన్నత న్యాయస్థానమున పనిచేసి విరమించిన న్యాయమూర్తి జాన్ మేజర్ అధ్యక్షుడుగా విచారణ సంఘ మేర్పడెను.

ఈ సంఘము చేసిన మొదటి పని నాకు మిక్కిలి నచ్చినది. పోలీసులను పిలుచుటకు ముందు అది బంధువులను పిలిచెను. భార్యలను, భర్తలను, బిడ్డలను పోగొట్టుకొన్నవారిని కూర్చుండబెట్టి, వారు చెప్పినదంతయు విని, 2007 డిసెంబరులో దానినే ప్రత్యేక సంపుటముగా ప్రకటించెను. ఇరువది రెండేండ్లుగా వారి మాట వినుటకు ఏ యధికారికిని తీరిక దొరకలేదు. విచారణ అనగా మొదట వినుట యని ఈ సంఘమువారు గ్రహించిరి. తుది నివేదిక 2010 జూను 17 వ తేదీన ఐదు సంపుటములుగా వెలువడెను.

అందులో నేమున్నది? చదువుచున్న కొలది మనసు క్రుంగిపోవును. బాంబుల విషయమై ముందుగా తెలియనివారు లేరు. తెలిసినది ఒకచోట చేర్చినవారు లేరు. జూను 1 వ తేదీననే ఎయిర్ ఇండియా ప్రధాన కార్యాలయము, సామానులలో కాలనియమము గల బాంబులు పెట్టవచ్చునని హెచ్చరిక పంపెను. అది పోలీసులకు చేరెను గాని, గూఢచార సంస్థకు చేరలేదు. ఆ గూఢచార సంస్థ అంతకు ముందు సంవత్సరమే, 1984 లో, పోలీసు శాఖనుండి వేఱుపఱుపబడినది. వేఱింటి కాపురము పెట్టిన అన్నదమ్ములవలె ఆ రెండును మాటలాడుకొనుట మానెను. జూను 4 వ తేదీన గూఢచారులు అనుమానితులను డంకన్ అను పట్టణము చెంత అడవి వఱకు వెంబడించి, పెద్ద ప్రేలుడు శబ్దమును చెవులార వినిరి. అది తుపాకి శబ్దమని తలంచి వ్రాసికొని యింటికి పోయిరి. అనుమానితుని టెలిఫోను మాటలు యంత్రములపై పట్టిరి. పంజాబీ తెలిసిన అనువాదకులు చాలక, అవి వినబడకయే పోగుపడెను. తరువాత, ఘోరము జరిగిన పిమ్మటను, వానిలో ననేకములను మామూలు ప్రకారము తుడిచివేసిరి!

జూను 22 వ తేదీన వాంకూవరు విమానాశ్రయమున నొకడు వచ్చి, టొరంటో నుండి ముందునకు తనకు ఖాయమైన ఆసనము లేకున్నను, తన పెట్టెను నేరుగా ఢిల్లీకి పంపవలెనని పట్టుపట్టెను. అది నియమవిరుద్ధమని గుమాస్తా మొదట కాదనెను. కాని వెనుక బారు పెరుగుచుండెను, వాడు వాదము మానలేదు. తుదకు పెట్టె తీసికొనబడెను. పెట్టె పోయినది, మనిషి పోలేదు. ఆ పెట్టె టొరంటో చేరిన నాడు, దానిని పరీక్షింపవలసిన ఎక్సురే యంత్రము చెడిపోయెను. బదులుగా చేత పట్టుకొను నొక పరికరమును వాడిరి. అది నమ్మదగినది కాదని పోలీసులే అంతకు ముందు పరీక్షించి చెప్పియుండిరి. వాసన పట్టు పోలీసు కుక్కలు ఆ దినమున శిక్షణకై వేఱొక నగరమున నుండెను. మాంట్రియల్ లో నొక కుక్క వచ్చునప్పటికి విమానము వెడలిపోయెను. ఆ గుమాస్తాను నిందించుట సులభము. కాని ఒక్క గుమాస్తా యలసట వలన 329 ప్రాణములు పోవు నేర్పాటున్నచో, దోషము ఆ యేర్పాటుది గాని గుమాస్తాది గాదు. పెట్టె నెక్కించి మనిషి యెక్కెనా యని సరిచూచినవారు ఒక్కరును లేకపోయిరి.

బడిపిల్లలను ఉత్సవమునకు తీసికొనిపోయిన పంతులు, తిరుగుప్రయాణమున బండి కదలక మునుపు తలలు లెక్కపెట్టును. ఆ మాత్రపు పని యిది. అయినను దీని విలువ తెలిసికొనుటకు లోకమునకు మఱియొక విమానము కావలసివచ్చెను. 1988 డిసెంబరు 21 వ తేదీన లాకర్బీ పట్టణముపై పాన్ అమెరికన్ వారి విమానము కూలి, నేలమీదివారితో గూడ 270 మంది మరణించిరి. అందులోను మనిషి తోడులేని పెట్టెయే మృత్యువై ప్రయాణించినది. కనిష్క ప్రమాదము పిమ్మట మూడేండ్లు గడచినను కన్ను తెఱవనివారికి ఇది ఫలము.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున గూఢచారుల విషయము చెప్పుచు, ఒకరినొక రెఱుగని ముగ్గురు చారులు తెచ్చిన వార్త యొక్కటిగా నున్నప్పుడు దానిని నమ్మవచ్చునని విధించెను. ఆ విధికి రహస్య మేమనగా, మూడు వార్తలను ఒకచోట పెట్టి చూచు మంత్రి యొక్కడుండవలెను. కెనడాలో వార్తలు మూడుకు మించి యుండెను, చూచువాడు లేకుండెను. 2001 సెప్టెంబరు 11 వ తేదీ ఘోరముపై అమెరికాలో కూర్చున్న సంఘమును ఇట్టి లోపమునే కనుగొనెను. ఒక శాఖ తన యెఱిగినదానిని మఱియొక శాఖకు చెప్పలేదు. ఆ సంఘమును బంధువులు పట్టుపట్టి సాధించిరి. అధ్యక్షుడు మొదట దానికి సమ్మతింపలేదు. 1,200 మందికి పైగా విచారించి 2004 జూలైలో నివేదిక వెలువరించెను. దానిలో నలువదియొక్క సూచనలుండెను. సంఘసభ్యులు అంతటితో నింటికి పోలేదు. 2005 డిసెంబరులో, బడిపిల్లవానికి మార్కులు వేసినట్లు, ప్రభుత్వమునకు సూచన సూచనకు మార్కులు వేసిరి. పెక్కింటికి చాల తక్కువ మార్కులు వచ్చెను, కొన్ని తప్పెను. ఉపాధ్యాయుడనగుటచే నాకు ఈ పద్ధతి మిక్కిలి ఇంపుగా దోచినది. పరీక్ష పెట్టి జవాబు పత్రము దిద్దని పంతులు, పాఠము చెప్పనివానితో సమానమే గదా.

దీనినిబట్టి విచారణ సంఘము వలన ప్రయోజనము కలుగుటకు మూడు నియమములు గానవచ్చుచున్నవి. సాక్షులు బ్రతికియుండగనే, కాగితములు చెదరక మునుపే అది కూర్చుండవలెను. దాని సభ్యులు ఎవరి లోపములను వెదకుదురో వారి చేతిలో నుండరాదు. దాని సూచనలు ఎంతవఱకు నడచినవో అడుగువారు వెనుక నుండవలెను. కనిష్క విషయమున మొదటి నియమము చెడిపోయినది. టేపులు పోయినవి, సాక్షులు పోయిరి. రెండవది నిలిచినది. మూడవదానికి ఫలము మిశ్రమమైనది. న్యాయమూర్తి మేజర్ చేసిన సూచనలన్నియు అంగీకరింపబడలేదు.

అయినను ఒక్కటి జరిగెను. 2010 జూను 23 వ తేదీన, సరిగా ఇరువదియైదు సంవత్సరములకు, ప్రధానమంత్రి స్టీఫెన్ హార్పర్ టొరంటోలోని స్మారకము చెంత నిలిచి, ప్రభుత్వము తరపున బంధువులకు క్షమాపణ చెప్పెను. నాడు ముప్పదియేండ్ల తల్లులుగా నున్నవారు అప్పటికి ఏబదియైదేండ్లవారైరి. కొందఱు ఆ మాట వినక మునుపే లోకము విడిచిరి.

మన యిండ్లలో నొక వాడుక కలదు: బిడ్డ పడినప్పుడు నేలను కొట్టి, "నిన్ను పడవేసినది ఇదే" యని యూఱడింతుము. అది బిడ్డకు తాత్కాలికముగా మేలు. మెట్టు విఱిగియున్న మాట మఱచిపోయినచో రేపు మఱియొక బిడ్డ పడును. దోషిని దండించినంతనే తమ పని తీఱెనని తలంచు ప్రభుత్వములు నేలను కొట్టువారిని బోలియున్నవి. విఱిగిన మెట్టును చూపువాడే మన యింటికి హితుడు. ఆ చూపినవానిపై కోపింపక, వెంటనే మెట్టు బాగు చేయించుటయే పెద్దతనము. ఆ పెద్దతనమునకు ఇరువదియైదేండ్లు పట్టినచో, ఆ కాలమంతయు దాని వెల చెల్లించువారు మెట్టు దిగుచున్న బిడ్డలే.