ఆర్థర్ కిల్: మన పక్కనే ఉన్న ఉప్పుటేరు

న్యూజెర్సీలోని ఎడిసన్, వుడ్‌బ్రిడ్జ్ వైపు నుంచి స్టాటెన్ ఐలాండ్‌కు వెళ్తుంటే అవుటర్‌బ్రిడ్జ్ వంతెన కింద ఒక నీటిపాయ కనబడుతుంది. మనలో చాలామందిమి దాన్ని నది అనుకుంటాం. దాని పేరు ఆర్థర్ కిల్. ఇక్కడ ‘కిల్’ అంటే చంపడం కాదు, డచ్ భాషలో పాయ అని అర్థం. దీవి వెనకున్న పాయ కనుక డచ్చివాళ్లు ‘ఆఖ్టర్’ అన్నారు. ఇంగ్లీషువాళ్ల నోట అది ఆర్థర్ అయింది. సముద్రపు పోటు వచ్చిపోయే నీరు. కొల్లేటి వైపు వాళ్లయితే ఉప్పుటేరు అనే అంటారు.

పాయ దక్షిణపు చివర పెర్త్ ఆంబాయ్ ఉంది. 1686లో అది తూర్పు జెర్సీకి రాజధాని అయింది. ఎదుటి ఒడ్డున టాటెన్‌విల్. 1776 సెప్టెంబరు 11న బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ ఆడమ్స్, ఎడ్వర్డ్ రట్లెడ్జ్ ఈ పాయ దాటి బ్రిటిష్ అడ్మిరల్ హౌతో సంధి మాట్లాడారు. పొసగలేదు, యుద్ధం సాగింది.

పెద్దల కథ అది. పనివాళ్ల కథ వేరే ఉంది. 19వ శతాబ్దంలో మేరీలాండ్ నుంచి వలస వచ్చిన నల్లజాతి కుటుంబాలు దీవి మీద శాండీ గ్రౌండ్‌లో స్థిరపడ్డాయి. వాళ్లు బానిసలు కారు. చుట్టుపక్కల నీళ్లలో ఆయిస్టర్లు, అంటే తినే ఆల్చిప్పలు, తీసి బతికారు. తర్వాత పాయ ఒడ్డున ఇటుక బట్టీలు, పెర్త్ ఆంబాయ్, కార్టరెట్‌లలో రాగి కర్మాగారాలు వచ్చాయి. హంగరీ, పోలండ్‌ల నుంచి వచ్చినవారికి పని దొరికింది. నీళ్లు మాత్రం పాడయ్యాయి. టైఫాయిడ్ భయంతో 1910లలో ఆయిస్టర్ల పని మూతబడింది. శాండీ గ్రౌండ్ బతుకుతెరువు పోయింది.

అదే పెర్త్ ఆంబాయ్‌లో 1870 మార్చి 31న థామస్ మండీ పీటర్సన్ ఓటు వేశాడు. 15వ రాజ్యాంగ సవరణ కింద ఓటేసిన తొలి నల్లజాతి పౌరుడు ఆయనే. బడిలో చిన్న ఉద్యోగం చేసేవాడు. 1884లో ఊరివాళ్లు ఆయనకు పతకం ఇచ్చారు.

అవుటర్‌బ్రిడ్జ్ వంతెన 1928లో తెరిచారు. అది పోర్ట్ అథారిటీ తొలి ఛైర్మన్ పేరు. టాటెన్‌విల్ పడవ రేవు 1963లో ఆగిపోయింది. 1990 జనవరిలో ఎక్సాన్ పైపు పగిలి 5 లక్షల 67 వేల గ్యాలన్ల నూనె పాయలో కలిసింది.

మేము గుమాస్తా పని చేసేవాళ్లం. జమ రాసినప్పుడు ఖర్చు కూడా రాయాలని మాకు తెలుసు. ఫ్యాక్టరీలు ఇచ్చిన కూలి జమ అయితే, శాండీ గ్రౌండ్ పోగొట్టుకున్నది ఖర్చు. కొల్లేరైనా, ఆర్థర్ కిల్ అయినా ఈ రెండు లెక్కలూ కలిపి చూడాలి. ఈసారి వంతెన దాటేటప్పుడు ఒకసారి కిందికి చూడండి.