కోనసముద్రం ఉక్కుకు విరగని గుణం ఎక్కడి నుంచి వచ్చింది?

హెన్రీ వెస్లీ వాయిసే భారత త్రికోణమితి సర్వేలో వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త. 1824లో చనిపోయాడు. తెలంగాణలోని కోనసముద్రం అనే ఊళ్లో ఉక్కు తయారీని చూసి ఆయన రాసిన వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అందులో అందరూ ఎత్తి చెప్పేది ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పారశీక వ్యాపారి సంగతి. లోహశాస్త్రానికి అంతకన్నా విలువైన వివరాలు రెండున్నాయి. మొదటిది, రెండు ఊళ్ల ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్ల లెక్కన మూసలో కలిపేవారు. రెండోది, మూసలోంచి తీసిన ముద్దకు మట్టి పూసి, 12 నుంచి 16 గంటలు కొలిమిలో ఉంచి చల్లార్చేవారు. సుత్తి దెబ్బకు లొంగేంత మెత్తబడేదాకా ఇదే పని మళ్లీ మళ్లీ చేసేవారు.

ఉక్కు ఘనతంతా మూసకే కట్టబెట్టడం మనకు అలవాటైంది. గట్టితనం మూసలో పుట్టిన మాట నిజమే. విరగని గుణం మాత్రం మట్టి పూత కింద పుట్టిందని నా వాదన.

ఈ ఉక్కులో కర్బనం సుమారు 1.2 నుంచి 1.8 శాతం దాకా ఉంటుంది. 0.8 శాతం దాటిన కర్బనం, ముద్ద నెమ్మదిగా చల్లారేటప్పుడు ఇనుప కార్బైడ్‌గా మారి స్ఫటికాల సరిహద్దుల వెంట వలలా పేరుకుంటుంది. కార్బైడ్ గాజులా పెళుసు. దెబ్బ తగిలితే పగులు ఆ వల వెంటే పరుగెత్తుతుంది. అంటే మూసలోంచి వచ్చిన ముద్ద గట్టిదే గాని కత్తికి పనికిరాదు. గంటల తరబడి వేడిలో ఉంచితే వల తెగి, కార్బైడ్ విడివిడి గుండ్రని రేణువులవుతుంది. అప్పుడు పగులుకు తిన్నని దారి ఉండదు. చుట్టూ ఉన్న మెత్తని ఇనుము సాగి దెబ్బను భరిస్తుంది.

ఐరోపా కమ్మరులు ఈ ముద్దలను తమకు అలవాటైన తెల్ల వేడిలో కొడితే ముక్కలయ్యాయి. ఇంత కర్బనమున్న ఉక్కులో కొంత భాగం ఆ వేడిలో కరగడం మొదలవుతుంది. సుత్తి కింద అది నిలవదు. మైఖేల్ ఫారడే అంతటివాడు 1819లో ఈ ఉక్కు రహస్యాన్ని అల్యూమినియం వంటి మూలకాల్లో వెతికాడు. ఆయన చూపంతా ఏం కలిసిందన్న దానిమీదే ఉంది, ఎలా చల్లారిందన్న దానిమీద లేదు.

1975లో స్టాన్‌ఫర్డ్‌లో ఓలెగ్ షెర్బీ బృందం ఇంచుమించు ఇదే కర్బనమున్న ఉక్కులో కార్బైడ్‌ను సన్నని రేణువులుగా చేసింది. ఎర్ర వేడిలో లాగితే అది తెగకుండా కొన్ని రెట్లు సాగింది. పెళుసని పేరుపడ్డ ఉక్కు అంతగా సాగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వాయిసే రాసిన ‘మెత్తబడడం’ ఎంత నిక్కచ్చి మాటో ఆ ప్రయోగం చూశాక గాని అర్థం కాదు.

ఇక ఆ రెండు ఊళ్ల ఇనుము. మూడు పాళ్ల ఇనుము వచ్చిన ఊరిని వాయిసే ‘మిర్ట్‌పల్లి’ అని రాశాడు. అది మన మెట్‌పల్లేనని తీసుకుంటున్నాను. అక్కడి ఇనుము గ్నైస్ శిల అరిగి వచ్చిన అయస్కాంత ఇసుకది. 1998లో జాన్ వర్హోవన్, ఆల్ఫ్రెడ్ పెండ్రే వనాడియం లక్షకు నాలుగు పాళ్లున్నా కార్బైడ్ వరుసలు కడుతుందని, ఇలాంటి ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీది నీటి అలల్లాంటి చారలు అలా వచ్చినవేనని చూపారు. అయస్కాంత ఇనుప ఖనిజంలో వనాడియం ఉండడం అరుదు కాదు. మూడు పాళ్ల ఇనుము మెట్‌పల్లి నుంచే ఎందుకు తెచ్చారన్న దానికి జవాబు ఇక్కడ దొరకవచ్చు.

2010లో గిలియన్ జూలెఫ్, శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్ బృందం ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ జిల్లాల్లో ఇనుప చిట్టెం దిబ్బలను నమోదు చేసింది. పొలం చదును చేస్తే దిబ్బ పోతుంది, దానితో రుజువూ పోతుంది. అందుకే పరీక్ష ఇప్పుడే జరగాలి. మా హుజూరాబాద్ నేల కూడా గ్నైస్‌దే. వర్షం వెలిశాక ఇక్కడి వాగుల్లోనూ అయస్కాంతానికి నల్ల రేణువులు అంటుకుంటాయి. మెట్‌పల్లి ఇసుకను, హుజూరాబాద్ ఇసుకను పక్కపక్కన కరిగించి, ఒకే కర్బనం, ఒకే చల్లార్పు ఇచ్చి, కాఠిన్యాన్ని, పగులుకు తట్టుకునే శక్తిని కొలవాలి. రెండిటి మధ్య తేడా రాకపోతే ఖనిజం గురించి నా ఊహ వీగిపోతుంది. మట్టి పూసి చల్లార్చిన ముద్ద, పూయకుండా వదిలేసిన ముద్ద కూడా ఒకేలా విరిగితే, అసలు వాదననే వదులుకోవాలి.