మిరియ మేలిన వంటయిల్లు: తిరుపతి, చిత్తూరు సీమల సంబారపుపొడి

ధనియములు, ఎండుమిరపకాయలు, మిరియములు, జీలకర్ర, మెంతులు, కందిపప్పు, ఇంగువ మొదలగు దినుసులను వేయించి, దంచి, నిలువచేసికొను సంబారపుపొడి తిరుపతి, చిత్తూరు సీమల గృహములందు నిత్యోపయోగమైన వస్తువు. చారులో నొక చెంచా, పులుసులో నొక చెంచా వేసి అంతటితో మరచిపోవు ఈ పొడిలో అయిదారు శతాబ్దుల దేశచరిత్ర ఇమిడి యున్నదనిన అతిశయోక్తి యని కొందరు తలంపవచ్చును. కాని తిరుమల శాసనములు, తెలుగు కావ్యములు, మన యింటి ఆచారములు, ఈ మూడును ఈ విషయమున ఏకకంఠముగ సాక్ష్యము పలుకుచున్నవి.

తిరుమల కొండమీదను, దిగువ తిరుపతిలోను లభించిన శాసనములు వేయికి మించినవి. వానిలో అధికభాగము అరవమున నున్నవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు మొదలగు పండితుల పరిశ్రమచే దేవస్థానమువారు 1930 దశకమున వీనిని సంపుటములుగ ప్రకటించిరి. భక్తులు భూములను ధనమును సమర్పించి స్వామికి నైవేద్యములు ఏర్పాటుచేసినప్పుడు, అందులకు బియ్యమెంత, నెయ్యి యెంత, పెసరపప్పెంత, పెరుగెంత, ఉప్పెంత, మిరియమెంత యని మరక్కాలు, నాళి, ఉళక్కు, ఆళాక్కు అను కొలతలతో సహా రాతిపై చెక్కించిరి. సాళువ నరసింహరాయల కాలమున, అనగా పదునైదవ శతాబ్ది ఉత్తరార్ధమున, ఇట్టి దానములు విరివిగ జరిగి, అప్పములు, అతిరసములు, వడలు, సుఖియలు మొదలగు భక్ష్యములు పెక్కు స్వామి యారగింపునకు చేరినవి. ఆనాటి వంటలకు కారమిచ్చినది ప్రధానముగ మిరియమే. మిరపకాయ యను వస్తువునే ఆనాటి మనదేశ మెరుగదు.

శాసనములు చెప్పినదానినే కవులును చెప్పిరి. 1503లో పరమపదించిన తాళ్లపాక అన్నమాచార్యులు, లక్ష్మీదేవి వడ్డించుచుండగా స్వామి ఆరగించు భోజనమును వర్ణించిన సంకీర్తనలో, మిరియములతో పోపుపెట్టిన కూరలకు చోటిచ్చిరి. 1513 మొదలు 1521 వరకు ఏడు పర్యాయములు తిరుమలను దర్శించిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో, విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి పెట్టిన భోజనములను చెప్పుచు, వేసవి విస్తరిలో తియ్యని చారును పలుచని అంబలిని ఉంచి, చలికాలపు విస్తరిలో మిరియపుపొడి పడిన వేడికూరలను, ముక్కుదిబ్బడను వదల్చు ఆవపచ్చళ్లను ఉంచెను. దినుసును పొడిగొట్టి కూరలో కలుపుకొను వాడుక అయిదువందల యేండ్లనాడే తెలుగింట నెలకొన్నదనియు, ఏ కాలమున ఏ దినుసు ఒంటికి హితమో ఆనాటివారు లెస్సగ ఎరుగుదురనియు చెప్పుటకు ఇంతకు మించిన సాక్ష్యము వేరొకటి అక్కరలేదు.

కారమునకు మిరియమే దిక్కైన ఈ స్థితిని మార్చినది సముద్రయానము. 1492లో కొలంబసు చేరిన పశ్చిమఖండము మిరపకు పుట్టినిల్లు. 1498లో వాస్కోడగామా కళ్లికోట చేరిన పిమ్మట, 1510లో గోవాను కైవసము చేసికొన్న పోర్చుగీసువారి ద్వారమున ఆ మిరప మన పడమటి తీరమున అడుగుపెట్టినది. మలబారు మిరియమును కొనిపోవచ్చినవారే ఆ మిరియమునకు పోటీదారును తెచ్చి మనకిచ్చిరి. పోర్చుగీసు సంపర్కము ఈ సీమకు పరాయిదియు కాదు. చంద్రగిరి నుండి ఏలిన రెండవ వేంకటపతిరాయల కొలువునకు 1598 నాటికే జెస్యూట్ పాదిరీలు వచ్చిరి.

ఆ తీరమునుండి మిరప మన సీమకు వ్యాపించుటకు కారణము రుచి యొక్కటియే కాదు, నేల కూడ. మిరియపుతీగ నిత్యము తేమగల మలబారు కొండల సొత్తు. వానలు కరవైన రాయలసీమలో అది బ్రతుకజాలదు. మిరపనారు ఏ బావిక్రిందనైనను నాలుగు మడులలో నాటుకొనవచ్చును, ఎండబెట్టిన కాయ ఏడాది పొడుగునను నిలుచును. అంగడిలో రొక్కమిచ్చి కొనవలసిన కారము పెరటిలోనే పండినందున, సంగటిముద్దతో ఊరిబిండి పచ్చడి నంజుకొను కాపుబిడ్డకును, కూలివానికిని నోటికి రుచి అందుబాటులోనికి వచ్చినది. కారమును సామాన్యుని సొత్తు చేసిన కీర్తి మిరపకాయదే.

అయినను మిరియము తొలగిపోలేదు. స్వామి నైవేద్యములలో కట్టెపొంగలియు, మిరియాలన్నమును నేటికిని దానినే ఆశ్రయించి యున్నవి. పితృకార్యపు వంటలో పెక్కిండ్ల మిరపను మాని మిరియమునే వాడుదురు. జలుబు చేసినవారికి మిరియాలచారు, బాలింతకు మిరియపు పథ్యము పెట్టుదురు. దైవకార్యమును, పితృకార్యమును, రోగిసేవయు పాత అలవాటును అంత తేలికగ విడువవు గనుక, మిరపకు ముందరి వంట ఎట్టిదో తెలిసికొనగోరువారు ఈ మూడింటిని చూచిన చాలును. మన సంబారపుపొడి డబ్బాలో మిరపకాయయు మిరియమును పక్కపక్కన నుండుటకు అర్థమిదియే: క్రొత్తది వచ్చినది, పాతది పోలేదు.

ఈ పొడికి దేశభేదమును కలదు. 1911 ఏప్రిల్ 1న ఉత్తరార్కాటు జిల్లానుండి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలను, కడప జిల్లానుండి మదనపల్లి, వాయల్పాడు తాలూకాలను, పుంగనూరు, కాళహస్తి, కార్వేటినగరము జమీందారీలతో చేర్చి చిత్తూరు జిల్లా నేర్పరచిరి. ఇట్లు పలు సీమల నేల ఒక జిల్లాగ కూడినది; అందలి కుప్పము తెలుగు, అరవ, కన్నడ భాషల కూడలి. కావున పడమటి పలమనేరు ప్రక్క పొడిలో పప్పులును, కొంచెము దాల్చినచెక్కయు పడి మైసూరు వాసన వచ్చును. దక్షిణముగ అరవదేశపు వైపు దినుసులను ఎండలో ఎండబెట్టి మరపట్టించుట పరిపాటి. నాటుకోడి పులుసునకు మాత్రము పొడిగ గాక, చెక్క, లవంగము, గసగసాలు, కొబ్బరి, ధనియములు అప్పటికప్పుడు తడిగ నూరుకొందురు.

ఇక ఇంటి పొడిని చేయు తీరు చూడుడు. ధనియములు నాలుగు పాళ్లయిన మిరపకాయలు రెండు పాళ్లు, కందిపప్పు ఒక పాలు, మిరియములును జీలకర్రయు అరపాలు చొప్పున, మెంతులు పావుపాలు. ఇది పెక్కిండ్ల వాడుక. దేనికదిగ వేయించుటయే ఇందలి కిటుకు, ఏలన గింజ గింజకును వేగు కాలము వేరు. ధనియములు సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువరకు వేగవలెను. మెంతులు ఎర్రబడినంతనే దింపవలెను. నల్లబడినచో పొడి యంతయు చేదగును. మిరపకాయలకు చుక్క నూనె తగిలించిన ఘాటుపొగ రాదు. ఇంగువముక్క నూనెలో పొంగి, చిదిమిన పొడి కావలెను. అన్నియు చల్లారిన పిమ్మటనే రోట వేయవలెను. వేడిమీద దంచిన ఆవిరి పట్టి పొడి ఉండకట్టును. రోకటిపోటునకు దినుసు నలుగునే కాని మరలోవలె కాగదు. అందుచేత దినుసులోని సువాసనతైలము ఎగిరిపోక పొడిలోనే నిలుచును.

తరువాత కాలము మారినది. మూడు తులముల పలము, నలుబది పలముల వీసె అను తూకములు 1956 నాటి చట్టముతో క్రమముగ తొలగి కిలోలు వచ్చినవి. రోటిని పిండిమిషను, మిషనును పొట్లము తొలగించినవి. పొట్లము సౌకర్యమును నేను కాదనను. అయితే గింజగ నున్న ధనియమును చూచి మంచిచెడ్డలు తేల్చవచ్చును, పొడిని చూచి తేల్చుట దుర్లభము; 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టము చేయవలసివచ్చిన దేశమున ఈ భేదము చిన్నది కాదు. అంతకన్న పెద్ద నష్టము మరియొకటి కలదు: ఊరూరికిని ఇంటింటికిని వేరైన పాళ్లు పోయి, దేశమంతటికి ఒకే రుచి మిగులుచున్నది.

దేవాలయము తన కొలతలను రాతిపై చెక్కించినది. నేటికిని 5,100 లడ్డులకు ఏలకులు నాలుగు కిలోలని దిట్టము, అనగా దినుసుల కొలతల పట్టిక, వ్రాసి ఉంచుకొన్నది. అందుచేతనే స్వామి యారగింపు చరిత్ర మనకు దక్కినది. మన ఇండ్లలో దిట్టము వ్రాసినవారు లేరు. అది అవ్వ చేతినుండి అమ్మ చేతికి, అమ్మ చేతినుండి కోడలి చేతికి వచ్చి, నేడు ఆ చేతులతోనే పోవుచున్నది. కావున చదువరులకు నా విన్నపమొక్కటే: ఇంట పెద్దవారు ఉన్న దినములలోనే వారి ప్రక్కన కూర్చుండి, ఏ దినుసు ఎన్ని పాళ్లో, దేనిని ఎంతవరకు వేయించవలెనో అడిగి, ఊరిపేరుతో సహా ఒక పుస్తకమున వ్రాసి ఉంచుడు. ఈ సీమ వంటయింటి చరిత్రకు అదియే శాసనము.