అమ్మవారు తలుపు వేసుకునే రోజు

తమిళుల పంగుని మాసంలో వచ్చే పంగుని ఉత్తరం నాడు శ్రీరంగంలో రంగనాథుడు వీధులు తిరిగి భార్య రంగనాయకి సన్నిధికి వచ్చేసరికి తలుపులు ధడాలున మూసుకుంటాయి. పల్లకీ మోసేవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేస్తారు. మళ్లీ ముందుకు వస్తారు. మళ్లీ తలుపు పడుతుంది. లోపలి నుంచి పూలబంతులు, అరటిపళ్లు, వెన్నముద్దలు వచ్చి పల్లకీ మీద పడుతుంటాయి. జనం ఎవరి పక్షమో చెప్పక్కర్లేదు. ఒక్కొక్క పూలబంతి తగిలినప్పుడల్లా చప్పట్లు, కేరింతలు.

స్వామివారి నేరం ఊరందరికీ తెలిసిందే. అదే ఉత్సవాల్లో ఆరోనాడు ఆయన కావేరి దాటి ఉరైయూరు వెళ్లాడు. అది చోళుల పాత రాజధాని. అక్కడి చోళరాజు కూతురు కమలవల్లి నాచ్చియార్‌ను కూడా ఆయన పెళ్లాడాడు. ఆమె పుట్టిన నక్షత్రం ఆశ్లేష నాడు, ఆమె పక్కన కూర్చుని భక్తులకు దర్శనమిచ్చి, తెల్లారకుండా తిరిగొచ్చాడు. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. పైగా వేలికి ఉండాల్సిన ఉంగరం లేదు.

ఇక తలుపుకు అటూ ఇటూ సంవాదం మొదలవుతుంది. ఇద్దరి తరఫునా మాట్లాడేది కోవెల పరిచారకులే, పాఠం తరతరాలుగా వస్తున్నదే. నుదుటి కస్తూరి తిలకం ఎందుకు చెదిరింది, బట్టలెందుకు నలిగాయి, ఒంటి మీద ఆ గీతలేమిటి అని అమ్మవారి వైపు వాళ్లు ఒక్కొక్కటే నిలదీస్తారు. వేటకు వెళ్లాను, చెమటకు తిలకం కారింది, ముళ్లు గీసుకున్నాయి, ఉంగరం ఎక్కడో జారిపోతే వెతుక్కుంటూ ఆలస్యమైంది అని స్వామి వైపు నుంచి జవాబులు. నమ్మకపోతే ప్రమాణం చేస్తానంటాడు. సముద్రంలో మునుగుతాను, పాముల కుండలో చెయ్యి పెడతాను, ఎర్రగా కాల్చిన ఇనుము పట్టుకుంటాను! అమ్మవారి పక్షం నవ్వి ఊరుకుంటుంది. పాలసముద్రంలో పడుకునేవాడికి సముద్రంలో మునగడం ఒక పరీక్షా? శేషుణ్ణి పరుపు చేసుకున్నవాడికి పామంటే భయమా? ఈ మగాడి ప్రమాణాలన్నీ ఆయనకు ఖర్చులేనివే అని ఆమె పట్టేసిన తీరు చూస్తే, ఈ పాఠం రాసిన మహానుభావుడెవరో సొంత ఇంట్లో చాలా చివాట్లు తిని ఉంటాడనిపిస్తుంది.

చివరికి మధ్యవర్తిగా వైష్ణవ భక్తకవి నమ్మాళ్వార్ విగ్రహం వస్తుంది. పెద్దాయన మాట మీద తలుపు తెరుచుకుంటుంది. ఆ రోజు మాత్రమే, ఏడాదికి ఆ ఒక్కసారే, రంగనాథుడూ రంగనాయకీ పక్కపక్కన కూర్చుని కనిపిస్తారు. రంగనాయకి గడప దాటని ఇల్లాలు. ఆమె ఉత్సవమూర్తి తన ప్రాకారం విడిచి బయటికి రాదు. అందుకే తిరిగేది ఎప్పుడూ ఆయనే, వచ్చి వాకిట్లో నిలబడాల్సిందీ ఆయనే. రామానుజులు క్షమ కోరుతూ శరణాగతి గద్యాన్ని విన్నవించుకున్నది ఈ జంట ఎదుటే అని వైష్ణవ సంప్రదాయం. అదను చూసి అడిగారనుకోవాలి. ఇప్పుడే తాను తప్పు ఒప్పుకుని లోపలికొచ్చినవాడు, ఇంకొకరు క్షమించమంటే కాదంటాడా?

ఈ దంపతుల మధ్య నిజంగానే ఒక సుదీర్ఘమైన ఎడబాటు ఉంది. 1323 ప్రాంతంలో ఢిల్లీ సైన్యం శ్రీరంగం మీద పడినప్పుడు భక్తులు స్వామి ఉత్సవమూర్తిని ఎత్తుకుని దక్షిణంగా వెళ్లిపోయారు. అమ్మవారి మూర్తిని మారేడుచెట్టు కింద పాతిపెట్టారని కోవెల వృత్తాంతం చెబుతుంది. ఆయన ఊళ్లూ అడవులూ పట్టి తిరిగి, చివరికి తిరుమల కొండ చేరి అక్కడ చాలాకాలం తలదాచుకున్నాడు. అక్కడి గుడిలోకి అడుగుపెట్టగానే తగిలే రంగనాయకుల మండపం ఆ రోజుల గుర్తే. 1371లో విజయనగర సేనాని గోపన్న ఆయన్ని శ్రీరంగం తిరిగి చేర్చాడు. నలభై ఎనిమిదేళ్ల అజ్ఞాతవాసం తర్వాత ఇంటికొచ్చిన మొగుణ్ణి ఆ మొదటి ఏడాది పంగుని ఉత్తరం నాడైనా పూలబంతులతో కొట్టకుండా వదిలేశారో లేదో మరి.

తిరుమలలో ఇదే వేడుక కాస్త మెత్తగా జరుగుతుంది. వైకుంఠ ఏకాదశి నుంచి ఆరోనాడు ప్రణయ కలహోత్సవం. ఉత్సవమూర్తి మలయప్పస్వామి ఒక పల్లకీలో ఒకవైపు నుంచి, శ్రీదేవీ భూదేవులు ఇంకో వైపు నుంచి మాడవీధుల్లో బయల్దేరి వరాహస్వామి గుడి దగ్గర ఎదురుపడతారు. అమ్మవార్ల తరఫున నిందాస్తుతి పాశురాలు చదువుతూ మూడుసార్లు పూలచెండ్లు విసురుతారు. స్వామి తప్పించుకున్నట్టు, బెదిరినట్టు పల్లకీ వెనక్కి జరుగుతుంది. ఇక్కడ మూసిన తలుపు లేదు, నడివీధే.

ఆ కొండకి అసలు అలక కథ కింద, తిరుచానూరులో ఉంది. భృగుమహర్షి వచ్చి విష్ణువు గుండెల మీద తన్నితే, తనుండే చోటును తన్నినవాడి కాళ్లు పట్టుకున్న భర్త మీద కోపంతో లక్ష్మి వైకుంఠం వదిలి కొల్లాపురం వెళ్లిపోయింది. ఆయన వెతుక్కుంటూ భూలోకానికి దిగాడు. స్థలపురాణం చెప్పేదాన్నిబట్టి, కొల్లాపురంలో ఏళ్ల తరబడి తపస్సు చేసినా ఆమె కనిపించలేదు. అప్పుడు సువర్ణముఖి ఒడ్డున చెరువు తవ్వి, దేవలోకం నుంచి తామరలు తెప్పించి నాటి, పన్నెండేళ్లు ఎదురుచూశాడు. కార్తీక శుద్ధ పంచమి నాడు బంగారు తామరలో ఆమె పైకొచ్చింది. ఇప్పటికీ ఆ పంచమితీర్థం నాడు తిరుమల నుంచి పసుపు, కుంకుమ, పట్టుచీరలు, ప్రసాదాలతో సారె బయల్దేరి, కొండ దిగి, తిరుపతి వీధుల మీదుగా ఆ చెరువుకే, పద్మసరోవరానికి, వస్తుంది. ఆడపిల్లకి సారె పుట్టింటి నుంచి వెళ్లడం మన ఇళ్ల ఆనవాయితీ. ఇక్కడ మొగుడే పంపుతాడు, అది కూడా ఏటేటా.

పూరీలో అయితే వ్యవహారం ఇంత మర్యాదగా ఉండదు. జగన్నాథుడు అన్ననీ చెల్లెల్నీ వెంటబెట్టుకుని రథమెక్కి గుండిచా గుడికి పోతాడు, లక్ష్మిని ఇంట్లో వదిలేసి. అయిదోనాడు, హేరా పంచమికి, ఆమె పల్లకీలో వెతుక్కుంటూ వస్తుంది. జగన్నాథుడి సేవకులు ఆమె మొహం మీదే తలుపు వేస్తారు. ఆమె మండిపడి, బయట నిలిపి ఉన్న ఆయన రథం నందిఘోషలో ఒక ముక్క విరగ్గొట్టించి, పెద్దదారిన కాకుండా సందులోంచి ఇంటికి మళ్లుతుంది. ఆ సందుకి హేరా గోహిరి అని పేరే పడిపోయింది.

బాకీ తీరే రోజు నీలాద్రి బిజె. యాత్ర ముగించుకుని బలభద్రుడు, సుభద్ర లోపలికి వెళ్లిపోయాక, సరిగ్గా జగన్నాథుడి వంతుకు జయవిజయ ద్వారం మూసుకుంటుంది. లక్ష్మి వైపు వాళ్లకీ ఆయన వైపు వాళ్లకీ మాటా మాటా పెరుగుతుంది. చెల్లెల్ని రథమెక్కించుకుని పెళ్లాన్ని మర్చిపోయినవాడు ఇప్పుడెందుకొచ్చాడని ఒకరు, ఇంకెప్పుడూ ఇలా చెయ్యనని ఒకరు. చివరికి కుండల్లో రసగుల్లాలు లోపలికి వెళితే గాని గడియ తియ్యరు. ఈ రసగుల్లా గొడవ ఎంత ముదిరిందంటే, మిఠాయి పుట్టిల్లు మాదంటే మాదని ఒడిశా, బెంగాల్ తగవుపడ్డప్పుడు ఒడిశా వాళ్లు చూపించిన పెద్ద సాక్ష్యం లక్ష్మీదేవి అలకే. 2017లో బెంగాల్ తన రసగుల్లాకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది, 2019లో ఒడిశా తన దానికి.

తెలుగు పెళ్లిళ్లలో ఈ లెక్క తారుమారు. అలకపాన్పు ఎక్కేది పెళ్లికొడుకు. అత్తమామలు ఉంగరమో స్కూటరో ఇచ్చేదాకా మంచం దిగడు. దేవుళ్ల పెళ్లాలకు ఇచ్చిన హక్కును మనుషుల పెళ్లాల దాకా రానివ్వకుండా మధ్యలో ఎవరో కొట్టేసినట్టుంది.

కావ్యాల సంగతీ ఇలాంటిదే. నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లో సత్యభామ ఎడమకాలితో కృష్ణుడి తల తన్నుతుంది. ఆ కావ్యం పుట్టుక మీద ఒక చాటుకథ ప్రచారంలో ఉంది. తిరుమలదేవి కాళ్లు తన చిత్రపటం వైపు పెట్టి నిద్రపోయిందని కృష్ణదేవరాయలు కోపగించి ఆమె మందిరానికి రావడం మానేశాడట. అరణపు కవిగా రాణితో వచ్చిన తిమ్మన, దేవదేవుడే పెళ్లాం కాలిదెబ్బ తిని ఊరుకున్నాడు, చిత్రపటం సంగతి నీకెందుకని ఇలా అయిదాశ్వాసాల్లో చెప్పాడట. చరిత్రకు నిలిచే ఆధారం లేదు గాని కథ మాత్రం తెలివైనది. నచ్చచెప్పాల్సింది పెళ్లానికి కాదు, మొగుడికి అని కవి గ్రహించాడు. ఆ రాయల వారే గజపతి కూతుర్ని కూడా పెళ్లాడాడు. ఆమె భర్తకు దూరంగా కంభంలో బతికిందని, 'తుక్కా పంచకం' అనే అయిదు సంస్కృత శ్లోకాలు ఆమె ఒంటరితనంలో చెప్పుకున్నవేనని ప్రసిద్ధి. ఆమె తరఫున కావ్యం రాయడానికి అరణపు కవి ఎవరూ రాలేదు.

ఒక ఆడది ఈ కథను తానే చెబితే ఏమయిందో చూడాలంటే తంజావూరు వెళ్లాలి. మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులో (1739–63) ముద్దుపళని అనే వేశ్యాకవయిత్రి 'రాధికాసాంత్వనం' రాసింది. రాధ తాను పెంచిన ఇళను తానే కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది, ఆ తర్వాత భరించలేకపోతుంది. చిలుకను రాయబారం పంపుతుంది. కృష్ణుడు పరుగున వచ్చి బతిమాలతాడు, ఇక్కడ కూడా తన్ను తింటాడు. పేరే చెబుతోంది, కావ్యమంతా రాధను ఊరడించడం గురించి. ఆ ఊరడింపులో రాధ కోరిక కూడా దాపరికం లేకుండా నోరు విప్పింది.

గొడవ అక్కడే వచ్చింది. వీరేశలింగం పంతులుగారు 'ఆంధ్రకవుల చరిత్ర'లో ముద్దుపళనిని తీవ్రంగా దుయ్యబట్టారు. బెంగళూరు నాగరత్నమ్మ, తానూ ఆ కులంలో పుట్టిన విదుషీమణి, రాతప్రతి సంపాదించి 1910లో వావిళ్ల వారి చేత పూర్తి పాఠం అచ్చేయించింది. మగకవులు ఇంతకంటే పచ్చిగా రాసినప్పుడు రాని అభ్యంతరం ఈవిడ దగ్గరే ఎందుకొచ్చిందని పీఠికలోనే నిలదీసింది. 1911లో ప్రభుత్వం అశ్లీలమని పుస్తకాన్ని నిషేధించి ప్రతులు పట్టుకుపోయింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉండగా ఆ నిషేధం తొలగింది. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేశారు, నాగరత్నమ్మ కన్నుమూసిందీ ఆ ఏడే. గుడిలో మగ పరిచారకులు అమ్మవారి గొంతుతో దెప్పితే అది సేవ. ఆ గొంతుతో ఆడదే పద్యం రాస్తే ఇంచుమించు ముప్ఫై అయిదేళ్ల నిషేధం.

రంగస్థలం మీద కూడా సత్యభామ చాలాకాలం మగవాడే. 'శ్రీకృష్ణ తులాభారం'లో స్థానం నరసింహారావు సత్యభామగా జడ విసిరి నడిస్తే, ఆడవాళ్లు ఆ నడక నేర్చుకోవాలని చూసేవారని చెప్పుకునేవారు. 1966లో అదే కథ సినిమాగా వచ్చినప్పుడు జమున కాలు, ఎన్టీఆర్ కిరీటం జనానికి గుర్తుండిపోయాయి.

గుళ్లో మధ్యవర్తి నమ్మాళ్వార్ అయితే, మామూలు ఇళ్లలో మేనమామ, ఊరిపెద్ద. ఇంగ్లీషు కోర్టులు వచ్చాక జడ్జి ఆ పీట మీద కూర్చున్నాడు. 1884లో బొంబాయిలో దాదాజీ భికాజీ అనే భర్త, చిన్ననాటే పెళ్లయిన భార్య రఖ్మాబాయి కాపురానికి రావడం లేదని దావా వేశాడు. మొదట ఓడాడు, అప్పీలు తర్వాత గెలిచాడు. భర్త దగ్గరికి వెళ్లు, లేదా ఆరు నెలలు జైలు అని 1887లో కోర్టు అంటే, ఆమె జైలుకే సిద్ధపడింది. మరుసటేడు రెండువేల రూపాయలు పుచ్చుకుని ఆయన తప్పుకున్నాడు. ఆమె లండన్ వెళ్లి డాక్టరై తిరిగొచ్చింది.

దాంపత్య హక్కుల పునరుద్ధరణ అనే ఆ దావా హిందూ వివాహ చట్టంలో తొమ్మిదో సెక్షన్‌గా మిగిలింది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టంలేని మనిషిని డిక్రీతో కాపురానికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని దాన్ని కొట్టేశారు. మరుసటేడు మరో కేసులో సుప్రీంకోర్టు సెక్షన్‌ను నిలబెట్టింది. డిక్రీ వచ్చాక ఏడాదిపాటు కాపురం మొదలుకాకపోతే విడాకులు అడగవచ్చని అదే చట్టంలో మరో చోట ఉంది. అందుకని భార్య తిరిగి రావాలని పిటిషన్ వేసే భర్తల్లో కొందరు ఎదురుచూసేది ఆమె కోసం కాదు, ఆ ఏడాది గడవడం కోసం.