బ్రేక్ గొట్టంలో నూరేళ్ల పోరు

1921 జులైలో ఫ్రాన్స్‌లోని లెమాన్స్‌లో జరిగిన గ్రాండ్ ప్రీ పందెంలో జిమ్మీ మర్ఫీ అనే అమెరికన్ గెలిచాడు. అతను నడిపిన డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులున్నాయి. అప్పట్లో కార్లను ఆపేవి ఇనుప కడ్డీలు, తీగలు. వాటిలో ఒకటి కాస్త బిగుసుకున్నా చాలు, బ్రేక్ తొక్కగానే బండి ఓ పక్కకు గుంజేది. నాలుగు చక్రాలూ సమంగా పట్టేలా సరిచేయడం మెకానిక్కులకు తెమలని పని. మూసిన పాత్రలోని ద్రవం మీద వేసిన ఒత్తిడి అన్ని వైపులకూ సమంగా పాకుతుందని పాస్కల్ అనే శాస్త్రవేత్త 17వ శతాబ్దంలోనే చెప్పాడు. దాన్ని కారు బ్రేకుకు పనికొచ్చేలా మలిచినవారిలో ముఖ్యుడు మాల్కం లాక్‌హీడ్. విమానాల కంపెనీతో ప్రసిద్ధికెక్కిన అన్నదమ్ముల్లో ఒకడు.

సూత్రం తేలికే. ద్రవాన్ని గొట్టంలో నిలబెట్టడమే కష్టమైంది. తొలినాళ్లలో ద్రవాన్ని ఆపడానికి సిలిండర్లలో పెట్టిన తోలు కప్పులు కారిపోయేవి. 1924లో క్రైస్లర్ తన కొత్త కారులో రబ్బరు కప్పులు వాడాక ఈ బ్రేకులు మామూలు కొనుగోలుదారుకు చేరువయ్యాయి. ఫోర్డ్ మాత్రం 1939 దాకా కడ్డీలనూ తీగలనూ వదల్లేదు. పాత బ్రేక్ ద్రవాల్లో ఆల్కహాల్‌తో కలిపిన ఆముదం ఒకటి. రబ్బరుకు అది పడుతుంది, పెట్రోలియం నూనె పడదు. అందుకే ఈనాటికీ బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఎవరైనా పొరపాటున ఇంజిన్ ఆయిల్ పోస్తే కప్పులన్నీ ఉబ్బిపోతాయి. పెడల్ నొక్కే మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా రబ్బరు భాగాలన్నీ మార్చాల్సిందే.

కారడం తగ్గాక మిగిలిన శత్రువు గాలి. ద్రవం దాదాపు నలగదు, గాలి నలుగుతుంది. గొట్టంలో బుడగ ఉంటే కాలి బలం దాన్ని నలపడానికే ఖర్చయి పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. అందుకే ప్రతి చక్రం దగ్గరా చిన్న నిపిల్ పెట్టారు. షెడ్డులో ఎయిర్ తీసే పద్ధతి ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు. నిపిల్‌కు పారదర్శకమైన పైపు తొడిగి, దాని కొసను కొంచెం బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచుతారు. లోపల కూర్చున్న కుర్రాడు పెడల్ తొక్కి పట్టుకుంటాడు. కింద ఉన్న మేస్త్రి నిపిల్‌ను పావు చుట్టు వదులు చేస్తే బుడగలు సీసాలోకి వస్తాయి. నిపిల్ బిగించి ‘వదులు’ అన్నాకే కుర్రాడు కాలు తీయాలి. ముందే తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది. మధ్యమధ్య పైన డబ్బా నింపుతూ ఉండాలి, అది ఖాళీ అయితే పని మళ్లీ మొదటికే.

ఇక్కడ రెండు సంగతులు గట్టిగా చెప్పాలి. పాత కారులో పెడల్‌ను నేల దాకా తొక్కకూడదు. రోజూ కప్పులు తిరగని చోట సిలిండర్ లోపల తుప్పు ఉండొచ్చు, అక్కడికి వెళితే కప్పుల అంచులు గీసుకుపోతాయి. పెడల్ కింద చెక్కముక్క పెడితే సరి. రెండోది, చక్రాల దగ్గర ప్యాడ్లను నొక్కే కాలిపర్లు విప్పి బిగించేటప్పుడు కుడిఎడమలు మారితే నిపిల్ కిందివైపుకు వస్తుంది. గాలేమో పైన చేరుతుంది. ఇక ఎన్ని సీసాల ఆయిల్ పోసినా పెడల్ గట్టిపడదు. ఏ చక్రంతో మొదలుపెట్టాలన్నది కారును బట్టి మారుతుంది. మాస్టర్ సిలిండర్‌కు దూరపు చక్రమే ముందు అనే పాత లెక్క అన్నిటికీ చెల్లదు కాబట్టి మాన్యువల్ చూడాలి.

1953లో డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ లెమాన్స్ 24 గంటల పందెం గెలిచాక డిస్క్‌కు గిరాకీ పెరిగింది. అయితే డిస్క్‌ను ప్యాడ్లు గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడి ద్రవానికి కూడా ఎక్కుతుంది. గ్లైకాల్‌తో చేసే బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలే. డాట్ 3కి ఇవే అంకెలు 205, 140. తిరుమల నుంచి దిగేటప్పుడు పై గేరులో పెట్టి దారిపొడవునా బ్రేక్ మీద కాలుంచితే తేమ పట్టిన ఆయిల్ మరిగి ఆవిరి కావచ్చు. అప్పుడు పెడల్ కింద ఉండేది గాలిబుడగ లాంటిదే. కింది గేరులో దిగడం, రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం, ఈ రెండూ ప్రాణాలకు సంబంధించినవి.

ఒక గొట్టం తెగినా కొంతైనా ఆగేలా, 1960ల్లో అమెరికాలో జంట సర్క్యూట్లు వచ్చాయి. 1978లో మెర్సిడెస్ పెద్ద కారులోకి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బాష్ ఏబీఎస్ చేరింది. దానితో గాలికి దాక్కునే కొత్త చోటు దొరికింది. ఏబీఎస్ యూనిట్ లోపల బుడగ చిక్కితే మామూలుగా ఎయిర్ తీసే పద్ధతితో రాకపోవచ్చు. చాలా కార్లలో స్కానర్ పెట్టి లోపలి వాల్వులను తెరిపించి బయటికి తీయాలి. పని తెలిసిన మేస్త్రులు ఇప్పుడు ఈ యంత్రం కూడా నేర్చుకోక తప్పడం లేదు, నేర్చుకుంటున్నవారికి దండం పెట్టాలి.

విద్యుత్ కార్లలో మోటారే వేగాన్ని చాలావరకు తగ్గిస్తుంది, ప్యాడ్లు ఏళ్లతరబడి పెద్దగా అరగవు. అది చూసి కొందరు బ్రేకులకు పనే లేదనుకుంటున్నారు. కానీ బ్రేకులు వాడకపోయినా ఆయిల్ తేమ పీల్చడం మానదు, కదలిక తగ్గిన పిస్టన్లు బిగుసుకుంటాయి. విద్యుత్ కారు కొన్నవారు సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఆయిల్ ఎప్పుడు మార్చారో అడిగి, ఆ తేదీ బిల్లులో రాయించుకోవాలి.